పుటకు విలువ కట్టుట యెట్లు? – 1998 నాటి ఒక పత్రముపై విమర్శ

1998 ఏప్రిల్ నెలలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున ఏడవ అంతర్జాతీయ వరల్డ్ వైడ్ వెబ్ మహాసభ జరిగినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న సెర్గీ బ్రిన్, లారెన్స్ పేజ్ అను ఇద్దరు విద్యార్థులు ఆ సభకు ఒక పత్రము సమర్పించిరి. తాము నిర్మించిన గూగుల్ అను శోధన యంత్రము ఎట్లు పని చేయునో అందులో వివరించిరి. ఆ తరువాతి కథ అందరకు తెలిసినదే. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి ఏ సందేహము కలిగినను గురువు కంటె ముందు అడుగునది దానినే. అయినను ఆ మూలపత్రమును చదివినవారు మనలో బహు తక్కువ. పదవ తరగతి గణితము వచ్చిన వారెవరైనను అందలి ముఖ్య భాగమును గ్రహింపగలరు. మెచ్చుకొనదగిన గుణములు దానియందు పెక్కు కలవు. ఒక పెద్ద లోపమును కలదు. తమ వెబ్ సైటును శోధన ఫలితములలో పైకి తెచ్చుట, తెచ్చిన దానిని అచ్చటనే నిలుపుకొనుట అనునది నేడొక పెద్ద వృత్తి అయినది. ఆ వృత్తి ఇంతగా ఏల పెరిగినదో తెలిసికొనవలెనన్న, ఈ లోపమును పరిశీలింపక తప్పదు.

మొదట వారి ముందున్న చిక్కును చూతము. ఆనాటి యంత్రములు ప్రధానముగ పుటలోని మాటలను చూచెడివి. అడిగిన మాట ఎక్కువ సార్లున్న పుటకు పెద్దపీట వేసెడివి. పుట వ్రాసిన వాడు అదే మాటను నూరు సార్లు వ్రాసిన చాలును. చదువువారి కంట పడకుండ తెల్లని నేలపై తెల్లని అక్షరములతో వ్రాసినను యంత్రమునకు తెలియదు. 1997 నవంబరు నాటికి పేరుపొందిన నాలుగు వాణిజ్య యంత్రములలో ఒక్కటి మాత్రమే, దాని పేరునే దానికిచ్చి వెదకుమన్నపుడు, మొదటి పది ఫలితములలో తన్ను తాను చూపగలిగినదని ఈ పత్రకర్తలు వ్రాసిరి. ఇంతకంటె గట్టి ఎత్తిపొడుపు వేరొకటి అక్కరలేదు.

వారి ఉపాయము ఇది. ఊరికి కొత్తగ వచ్చినవాడు మంచి వైద్యుడెవరో తెలియగోరినచో, వైద్యులను అడుగడు; ఇతరులను అడుగును. పదిమంది ఒకరి పేరే చెప్పినచో నమ్మును. ఆ చెప్పినవారిలో ఊరిలో మాట చెల్లుబడి గలవాడున్నచో మరింత నమ్మును. అట్లే, ఒక వెబ్ పుట వేరొక పుటకు లంకె వేయుట ఒక సాక్ష్యము వంటిది. సాక్ష్యము ఇచ్చిన పుట విలువ ఎంత ఎక్కువయో, సాక్ష్యము బలము అంత ఎక్కువ. ఆ ఆలోచనకు పూర్వులు లేకపోలేదు. శాస్త్రపత్రములు ఒకదానినొకటి ఎట్లు ఉదాహరించునో లెక్కించు సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1964 నుండియే ప్రకటించుచుండెను. గొప్ప పత్రికనుండి వచ్చిన ఉదాహరణకు ఎక్కువ తూకమీయవలెనని పిన్స్కీ, నారిన్ అనువారు 1976లో లెక్క కట్టి చూపిరి. దానిని కోట్లకొలది పుటలకు వర్తింపజేసి, నిజముగ నడచు యంత్రముగ నిలిపినది బ్రిన్, పేజ్‌ల ఘనత. అప్పటికి వారు సేకరించినవి 2 కోట్ల 40 లక్షల పుటలు. (పేజ్ ర్యాంక్ అను పేరులోని పేజ్ అనగా పుట యని పలువురు తలతురు. అది గ్రంథకర్త ఇంటిపేరు. రెండర్థములును కుదురుట అదృష్టము.)

లెక్క ఇట్లుండును. ప్రతి పుటయు తన విలువను, తాను లంకె వేసిన పుటలకు సమభాగములుగ పంచును. అట్లు చేరిన మొత్తములో 0.85 వంతు మాత్రమే పుచ్చుకొనవలెను. దానికి 0.15 కలుపవలెను. ఈ 0.15 ప్రతి పుటకు పుట్టినందులకే ఊరక లభించు కట్నము. ఒక పుట విలువ తెలియవలెనన్న దానికి లంకె వేసినవాటి విలువ తెలియవలెను గదా, అది తెలియవలెనన్న మరల మొదటిదాని విలువ కావలెను గదా యని విద్యార్థి అడుగవచ్చును. ఏదో ఒక విలువతో మొదలిడి, లెక్కను మరల మరల చేయుచు పోయినచో, కొంతసేపటికి విలువలు స్థిరపడును. రెండు కోట్ల అరువది లక్షల పుటలకు ఈ లెక్క మధ్యరకపు కంప్యూటరు మీద కొన్ని గంటలలో తేలునని వారు చెప్పిరి.

ఇందు ఒక చిన్న తప్పు దొరలినది. అన్ని పుటల విలువలు కలిపిన ఒకటి వచ్చునని పత్రములో ఉన్నది. వారు ముద్రించిన సూత్రము ప్రకారము అట్లు రాదు. ప్రతి పుటకు బయటకు పోవు లంకె ఉన్నపుడు మొత్తము పుటల సంఖ్యకు సమానమగును, సగటున పుటకు ఒకటి చొప్పున వచ్చును. 0.15ను పుటల సంఖ్యచే భాగించినచో వారి మాట నిజమగును. వరుస మారదు గనుక ఇది ప్రమాదము లేని తప్పే. ఇంతటి పత్రములోను తరగతిలో పట్టుకొనదగిన పొరపాటున్నదని విద్యార్థులకు తెలియుట మంచిదే.

పెద్ద లోపము వేరు. ఈ పద్ధతిలో ఒక మార్పు చేసినచో, పైస్థానము కొరకు యంత్రమును కావలెనని మోసగించుట దాదాపు అసాధ్యమగునని వారు వ్రాసిరి. అదే కాలమున మరి ఇద్దరితో కలిసి వ్రాసిన వేరొక నివేదికలో ఇంకొక అడుగు ముందుకు వేసిరి: లంకెలను కొనుట అను మోసము జరుగవచ్చును గాని, దానికి సొమ్ము ఖర్చగును గనుక అది అదుపులోనే ఉండునని. శోధన యంత్రములను లాభము కొరకు తారుమారు చేయు సంస్థలు అప్పటికే పెక్కు కలవని అదే మహాసభ పత్రమున వ్రాసినవారు, సొమ్ము ఖర్చగుట అడ్డమని తలచుట వింతగ నున్నది. లాభము వచ్చుచోట సొమ్ము ఖర్చుపెట్టుటనే గదా వ్యాపారమందురు!

మొదట వారి సామాన్య సూత్రమునే పరీక్షింతము. ఒకడు తన దుకాణము కొరకు ఒక పుట పెట్టెను. లోకములో ఎవరును దానికి లంకె వేయలేదు. దాని విలువ 0.15. వాడు నూరు ఉత్తుత్తి పుటలను సృష్టించి, ప్రతిదాని నుండి దుకాణపు పుటకు ఒక లంకె వేసెను. దుకాణపు పుట నుండి ఆ నూరింటికి లంకెలు వేసెను. దుకాణపు పుట విలువను క అనుకొనుడు. ఒక్కొక్క ఉత్తుత్తి పుటకు 0.15 + 0.0085 క వచ్చును. ఇట్టివి నూరు, వానినుండి దుకాణపు పుటకు చేరునది 0.85 × 100 × (0.15 + 0.0085 క). దానికి 0.15 కలిపిన మరల క రావలెను. సమీకరణము సాధించినచో క = 12.9 ÷ 0.2775, అనగా సుమారు 46.5. సగటు పుట విలువ ఒకటి యని పైన చూచితిమి. ఒక్క మనుష్యుని సాక్ష్యమైనను లేకుండ, సగటుకు నలువది ఆరు రెట్లు! ఊరక లభించిన 0.15 కట్నమును నూరు చోట్ల పోగు చేసికొనుటయే ఇందలి కిటుకు.

పత్రకర్తలకు న్యాయము చేయవలెను. వారు చెప్పిన మార్పు ఈ కిటుకునకే విరుగుడు. 0.15 కట్నమును అందరకు ఈయక, నమ్మదగినవని ఎన్నుకొన్న కొన్ని పుటలకే ఇచ్చినచో, పై సమీకరణములో క సున్న అగును. ఉత్తుత్తి పుటలు నూరైనను వేయియైనను సున్నయే. లెక్క చక్కగనే ఉన్నది. కాని నమ్మదగిన పుటలను ఎవరు ఎన్నుకొందురు? లంకెలే తీర్పు చెప్పునని మొదలిడిన పద్ధతి, చివరకు ఒక మనుష్యుని తీర్పు మీద ఆధారపడినది. పైగా, నమ్మదగిన పుటయొక్క యజమాని ఒక లంకెను అమ్ముకొన్నచో ఈ కోటకు గండి పడినట్లే. పత్రము ఈ రెండు ప్రశ్నల దగ్గర ఆగక దాటిపోయినది.

తరువాత జరిగినదంతయు ఆ గండి కథయే. పైన లెక్క కట్టినట్టి ఉత్తుత్తి పుటల గుంపులకు లంకెల తోటలని పేరు వచ్చినది. పాఠకులు అభిప్రాయములు వ్రాయు చోట్లనెల్ల దొంగ లంకెలు పడసాగినవి. 2005 జనవరిలో, ఈ లంకెను సాక్ష్యముగ లెక్కింపవలదని యంత్రమునకు చెప్పు గుర్తు నొకదానిని ఏర్పరచవలసి వచ్చెను. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక సంగతి బయటపెట్టెను: జె. సి. పెన్నీ అను పెద్ద అమెరికా దుకాణము, దుస్తులు, పరుపు బట్టలు, తివాచీలు మొదలగు మాటలకు గూగుల్‌లో నెలల తరబడి మొదటి స్థానమున నుండెననియు, వాటితో ఏ సంబంధమును లేని వేల పుటలలో దానికి లంకెలు నాటబడి యుండెననియు. ఆ లంకెలు తామెరుగమని ఆ సంస్థ చెప్పినది. గూగుల్ దానిని వెంటనే క్రిందికి దించినది. 2012 ఏప్రిల్‌లో ఇట్టి లంకెలను పట్టు కొత్త పద్ధతిని పెంగ్విన్ అను పేర అమలు చేసినది. ఒక్క రాత్రిలో పైనున్నవారు క్రింద పడిరి. ఇట్లు ఎత్తునకు పైయెత్తు వేయుట ఇంకను ఆగలేదు.

కారణమేమి? లెక్కలో తప్పు కాదు. 1997లో ఒక పుట వ్రాసినవాడు వేరొక పుటకు లంకె వేసెనన్న, అది తన చదువరికి ఉపయోగపడుననియే. తన లంకెను ఎవరో తూచుచున్నారని వానికి తెలియదు. ఆ తెలియకపోవుటయే సాక్ష్యమునకు విలువ నిచ్చినది. కొలత ప్రకటింపబడి, దానిమీద లాభనష్టములు ఆధారపడిన మరునాటి నుండి లంకె సాక్ష్యము గాక సరుకైనది. ఇంగ్లండులోని ఆర్థికశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లోనే ద్రవ్యవిధానము విషయమున ఇట్టి సంగతిని గుర్తించెను: అదుపు చేయుటకై ఒక కొలతను పట్టుకొన్నచో, ఆ కొలత అంతవరకు చూపిన నిలుకడ చెడునని. ఉష్ణమాపకమును చూచి జ్వరము తన రూపము మార్చుకొనదు. కాని మనుష్యులను కొలిచినపుడు, కొలువబడువారు కొలబద్దను చదువగలరు. ఈ భేదమును పత్రము గుర్తింపలేదు. దానికి వెబ్ ఒక ప్రకృతి దృశ్యమువలె కనబడినది.

ఇంతటి తప్పు చేసినవారే, అదే పత్రము చివర చేర్చిన అనుబంధములో ఆశ్చర్యకరమైన దూరదృష్టి చూపిరి. ప్రకటనల ఆదాయము మీద బ్రతుకు శోధన యంత్రము సహజముగనే ప్రకటనదారుల వైపు మొగ్గునని, వెదకువారి అవసరమునకు దూరమగునని వ్రాసిరి. ఒక ఉదాహరణ ఇచ్చిరి. తమ యంత్రమున సెల్యులార్ ఫోను అని వెదకగా మొదట వచ్చినది, కారు నడుపుచు ఫోనులో మాటాడుట వలన కలుగు ప్రమాదమును గూర్చిన ఒక పరిశోధన. ఫోనులు అమ్మువారి వద్ద సొమ్ము తీసికొను యంత్రము ఆ పుటను పైన చూపుటకు వారికేమని సమాధానము చెప్పును? అందుచేత అందరు చూడదగిన తీరున, విద్యారంగమున ఒక శోధన యంత్రము ఉండవలెనని వారు కోరిరి. 2000 అక్టోబరులో వారి సంస్థయే మాటలకు ప్రకటనలు అమ్ము పద్ధతిని మొదలిడినది. పత్రమునందు నాకు ఎక్కువ విలువగలదిగ తోచునది ఈ అనుబంధమే. ఏ పుట పైన ఉండవలెనో నిర్ణయించువాని జీతము ఎవరు ఇచ్చుచున్నారను ప్రశ్న, 0.85 ఎందులకు అను ప్రశ్న కంటె పెద్దది. నేడు స్థానమును నిర్ణయించు అంశములు పెక్కు. లంకె వానిలో ఒకటి మాత్రమే. వాని తూకములను సంస్థ ప్రకటింపదు. 1998లో మనము చేసిన పై లెక్క వంటిది నేటి యంత్రముపై చేయుటకు వీలులేదు.

అట్లైన తమ పుట వెదకువారికి దొరుకవలెనని కోరుట తప్పా? కాదు. పత్రములోనే దానికి నిజాయితీ గల మార్గము కలదు, దానిని తగినంతగ ఎవరును చదువరు. పుట శీర్షికలోని మాటలకును, లంకె వేసినవాడు లంకెకు పెట్టిన మాటలకును యంత్రము ప్రత్యేకముగ తూకమిచ్చునని వారు చెప్పిరి. ఒక పాఠశాల తన సైటులో "ఇక్కడ నొక్కుడు" అని లంకె పెట్టుటకును, "మా ఊరి చెరువులోని పక్షుల పట్టిక" అని పెట్టుటకును ఎంతో భేదమున్నది. రెండవది చదువరికిని యంత్రమునకును విషయము చెప్పును. నిలుపుకొనుట అనునది ఇంకను సాదాయైన పని. సైటును కొత్తగ తీర్చునపుడు పుటల చిరునామాలు మార్చుదురు. పాత చిరునామాకు ఇతరులు వేసిన లంకెలన్నియు ఖాళీ ఇంటి తలుపు తట్టినట్లగును. పాతదాని నుండి కొత్తదానికి, శాశ్వతముగ మారినదను 301 సంకేతముతో దారి చూపినచో ఆ సాక్ష్యము నష్టపోదు. దీనికి సొమ్మిచ్చి నిపుణులను పిలువనక్కరలేదు.

తెలుగు పుటల విషయమున మరొక కష్టము గడచినది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే మన లిపికి చోటు దొరికినను, 2000 తరువాతి సంవత్సరములలోను పలు తెలుగు పత్రికల సైటులు తమ సొంత ఫాంటులతో నడిచినవి. తెరమీద తెలుగే కనబడును. యంత్రమునకు మాత్రము అది పొంతనలేని రోమను అక్షరముల కుప్ప. దొరకని పుటకు లంకె ఎవరు వేయుదురు? లంకె లేనిదానికి స్థానమెక్కడిది? నేటికిని పుస్తకముల పుటలను ఫోటోలుగ తీసి పెట్టుట మనవారిలో కలదు. అక్షరములుగ మార్చినగాని అవి శోధనకు సులువుగ అందవు. పైగా చెరువు, చెరువులో, చెరువులకు అని మన మాట రూపము మారుచుండును. ఇంగ్లీషు పుటలను ముందుంచుకొని తీర్చిన పద్ధతులకు ఇది చిక్కే.

ఉపాధ్యాయులు పైలెక్కను తరగతిలో పది ఉత్తుత్తి పుటలతో చేయింపవచ్చును. అన్ని పుటలకు మొదట ఒకటి విలువ ఇచ్చి, ప్రతి దశలోను పాత విలువలతో కొత్త విలువలను కట్టింపవలెను. దుకాణపు పుటకు మొదట 8.65, తరువాత 2.15, పిమ్మట 7.67, ఆపై 2.98 వచ్చును. ఇట్లు ఊయలవలె ఊగుచు, ప్రతి దశలోను ఊపు 0.85 వంతుకు తగ్గుచు, నలువది దశలు దాటుసరికి 5.14 వద్ద నిలుచును. సమీకరణము వలన సాధించినను అదియే వచ్చును.