మడ్డిని మెడలోకి దించే చేతులు

షాంపేన్ గ్లాసులో అందరి కళ్లూ బుడగల మీదే ఉంటాయి. నన్ను ఆశ్చర్యపరిచేది మాత్రం ఆ వైన్ తేటదనం. ఎందుకంటే బుడగలు పుట్టేదీ, మడ్డి పేరుకునేదీ ఒకే సీసాలో.

ఫ్రాన్స్ ఈశాన్యాన ఉన్న షాంపేన్ ప్రాంతంలో ప్రధానమైన ద్రాక్ష రకాలు షార్డొనే, పినో న్వార్, మ్యూనియే. చివరి రెండూ నల్లద్రాక్షలే. అయినా తొక్కల రంగు దిగకముందే సుతారంగా పిండుతారు కాబట్టి రసం తెల్లగానే వస్తుంది. అది పులిసి మామూలు వైన్ అయ్యాక లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కాస్త ఈస్ట్ కలిపి సీసాల్లో పోసి మూత బిగిస్తారు. ఈస్ట్ చక్కెరను తిని వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు బయటికి దారి ఉండదు, వైన్‌లోనే కరుగుతుంది. లోపలి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు ఆరు రెట్లు. ఆ సీసా అంత దళసరిగా ఉండేది అందుకే. చచ్చిన ఈస్ట్ అడుగున మడ్డిగా దిగుతుంది. నియమం ప్రకారం కనీసం 12 నెలలు దానితోనే ఊరాలి. కాల్చిన రొట్టెను తలపించే సువాసన ఆ మడ్డి పెట్టిన భిక్షే.

మరి దాన్ని తీసేదెలా? వేరే సీసాలోకి వంపితే బుడగలు పోతాయి. 27 ఏళ్లకే భర్తను కోల్పోయి వ్యాపారం చేపట్టిన మదామ్ క్లికో ఇంట, 1816 ప్రాంతంలో, దీనికి దారి దొరికిందని చెబుతారు. కన్నాలున్న బల్లకు సీసాల మెడలు గుచ్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పడం! పనివాడు రెండు చేతులతో రెండు సీసాల అడుగులు పట్టుకుంటాడు. చిన్న కుదుపు, ఎనిమిదో వంతు తిప్పు, రవ్వంత వంపు. కుదుపు తగ్గితే మడ్డి గాజును వదలదు, హెచ్చితే నలకలు లేచి వైన్ మసకబారుతుంది. లెక్క తప్పకుండా సీసా అడుగున సున్నపు గీత. ఇలా ఆరేడు వారాలకు సీసా తలకిందులై, మడ్డంతా మూత మీదికి చేరుతుంది. ఆరితేరిన చేతులు రోజుకు 40,000 సీసాల దాకా తిప్పుతాయట. ఈ నేర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు ఎక్కువ భాగం యంత్రాలదే. ఐదువందల సీసాల బోనును వారంలో తిప్పేస్తాయి. రుచికి లోటేమీ రాదు, యంత్రం నేర్చుకున్నదీ ఆ చేతి కదలికనే.

తర్వాత మెడను సున్నాకు 25 డిగ్రీల దిగువన ఉన్న ద్రావణంలో ముంచితే మడ్డి గడ్డకడుతుంది. మూత తీయగానే పీడనమే దాన్ని బయటికి తన్నేస్తుంది. ఖాళీని వైన్, కొద్దిగా చక్కెరతో నింపి కార్కు కొడతారు. 'బ్రూట్' అని రాసి ఉంటే చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపే. మడ్డి తీసిన నెల కూడా కొన్ని సీసాల వెనక లేబుల్ మీద ఉంటుంది. కొనేముందు నేను మొదట చూసేది దాన్నే.