ఇమేజ్ కట్టే చేతులు
ఖాళీ డిస్కుతో ఉన్న సర్వర్, కరెంటు అందగానే నెట్‌వర్క్‌లో కేక వేస్తుంది. డీహెచ్‌సీపీ దానికి ఒక చిరునామా, బూట్ ఫైలు పేరు చెబుతుంది. టీఎఫ్‌టీపీ ఆ ఫైలు అందిస్తుంది. 1999లో ఇంటెల్ ప్రకటించిన పీఎక్స్ఈ 2.1 అనే నెట్‌వర్క్ బూట్ పద్ధతి నడక ఇదే.

ఇలా లేచిన సర్వర్ నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుని నడిపే, ముందే కట్టి ఉంచిన వ్యవస్థే ఇమేజ్. నా గౌరవమంతా ఆ ఇమేజ్ కట్టేవాళ్ల మీద. అందుకోసం ఒక కంప్యూటర్‌ను విడిగా ఉంచుతారు. డెబియన్ అయితే డీబూట్‌స్ట్రాప్‌తో ఖాళీ ఫోల్డర్‌లో చిన్న వ్యవస్థను నిలబెట్టి, సీహెచ్‌రూట్‌తో అందులోకి దిగి, అవసరమైన ప్యాకేజీలే ఉంచుతారు. కెర్నెల్‌తో పాటే లోడయ్యే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లేకపోతే, కెర్నెల్ లేచినా మిగతా వ్యవస్థను తెచ్చుకోలేదు. అందుకే ఏ ర్యాక్‌లో ఏ కార్డు ఉందో ముందే కనుక్కుంటారు. మెషిన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తుడిచేస్తారు. లేదంటే సర్వర్లన్నీ ఒకే గుర్తింపుతో లేస్తాయి. ఎంత ముందుచూపు! పైగా ప్రతి అడుగూ స్క్రిప్టులో రాసి పెడతారు, రేపు వేరొకరు కూర్చున్నా అదే ఇమేజ్ మళ్లీ కట్టగలిగేలా.