బడి తనదనిపించే బంధం

పాఠశాల కౌన్సెలర్‌తో ఏర్పడే పరిచయం వల్ల విద్యార్థికి బడి తనదన్న భావం ఎంతవరకు కలుగుతుందన్న ప్రశ్న, సౌదీ అరేబియాలోని జెద్దా వంటి వలస నగరంలో మరింత ముఖ్యమవుతుంది. 1969లో ఏర్పడి, సీబీఎస్‌ఈ పాఠ్యక్రమం బోధిస్తున్న అక్కడి ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూల్ వంటి బడుల్లో చదివే ప్రవాసుల పిల్లలకు, తండ్రి ఇఖామా, అంటే నివాస అనుమతి పత్రం, చెల్లినంతకాలమే ఆ ఊరు సొంతం. 2017 జూలైలో కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్లతో మొదలైన రుసుము ఏటా పెరిగి 2020 నాటికి 400కు చేరగా, ఆ భారం మోయలేక భార్యాపిల్లలను హైదరాబాదుకో సొంత జిల్లాకో పంపివేసినవారు ఎందరో ఉన్నారు.

తోటివారూ ఉపాధ్యాయులూ తనను అంగీకరిస్తున్నారని, గౌరవిస్తున్నారని, కలుపుకొంటున్నారని, ఆదుకుంటున్నారని విద్యార్థికి కలిగే నమ్మకాన్ని అమెరికన్ పరిశోధకురాలు కరోల్ గుడెనో 1993లో ‘పాఠశాల సభ్యత్వ భావన’గా వివరించారు. ఈ నమ్మకం కౌన్సెలింగ్ గదిలో మొదలుకావచ్చు గాని, మార్కులు తగ్గినప్పుడో గొడవ జరిగినప్పుడో మాత్రమే పిలుపు వచ్చే గదిని పిల్లలు శిక్షాస్థలంగానే చూస్తారు కనుక, కౌన్సెలర్ సమస్యకు ముందే తరగతుల్లో తిరిగి, కొత్తగా చేరినవారిని పేరుతో పలకరించగలగాలి. అందుకు తీరిక కావాలి. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ ఒక్కో కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులకు మించరాదని సూచించడంలోని అంతరార్థమూ అదే.

సహాయక సంబంధానికి లక్ష్యంపై ఏకాభిప్రాయం, చేయవలసిన పనిపై ఒప్పందం, పరస్పర ఆత్మీయత అనే మూడు అంగాలుంటాయని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో ప్రతిపాదించారు. నీట్, జేఈఈ లక్ష్యాలను ఇంట్లోనే నిర్ణయించే తెలుగు కుటుంబాల్లో మొదటి అంగమే తరచుగా లోపిస్తుంది. కౌన్సెలర్ తల్లిదండ్రుల దూతగా కనిపించిన క్షణాన, వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటామోనన్న అసలు దిగులును విద్యార్థి బయటపెట్టడు.

అయితే ఆత్మీయత కౌన్సెలర్ దగ్గరే ఆగిపోతే అది వ్యక్తిపై ఆధారపడటమే అవుతుంది తప్ప, బడిపై మమకారం కాదు. కొత్త విద్యార్థిని ఒక జట్టులో చేర్చడం, టీసీ తీసుకొనే విద్యార్థికి తోటివారి వీడ్కోలు అందేలా చూడటం, మిగిలిపోయిన స్నేహితుల వెలితిని గుర్తించడం ఆ ఆత్మీయతను తరగతికి చేరవేసే పనులు. అందువల్ల కౌన్సెలర్ పనితనాన్ని ఎందరు తన గదికి వచ్చారన్నదాన్ని బట్టి కాక, వారిలో ఎందరికి తరగతిలో మనసు విప్పి మాట్లాడగల తోడు దొరికిందన్నదాన్ని బట్టి అంచనా వేయడం న్యాయం.