రాకాసిలోయకు దారి మా పెరట్లోంచే

మా పెరటి గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే దారి ఎడమకు తిరుగుతుంది. తిరిగాక ఏముందో గుమ్మంలో నిలబడ్డవాళ్లకు కనబడదు. మొత్తం స్థలం ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, అంతే. అయినా ఇంటికొచ్చిన పిల్లలు ఆ మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి నా మొహం చూస్తారు, వెళ్లొచ్చా అన్నట్టు. ఆ చూపు కోసమే నేను ఆరేళ్లుగా మట్టి పిసుకుతున్నాను.

ఇది చందమామ తోట. చందమామ పిల్లల పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లకు చిత్రా గారు వేసిన బొమ్మల్లోని అడవిని పెరట్లో పెంచాలన్న కోరికలోంచి పుట్టిన తోట. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ అంటూ దాసరి గారు రాసుకుంటూ పోయారు. మేం నెలనెలా పుస్తకం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాం. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, చాంపియన్ రీఫ్స్ గని కార్మికుల లైను ఇళ్లలో మా ఇంటికి చందమామ వచ్చేది, గోడ అవతల ఇంటికి అంబులిమామ వచ్చేది. 1947 జులైలో తెలుగులో, తమిళంలో కలిసి పుట్టిన పత్రికలవి. గోడ అవతలివాడు తమిళంలో, నేను తెలుగులో చదివి, మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని ఒకే బొమ్మ గురించి పోట్లాడుకునేవాళ్లం.

వేరే ఊళ్ల పిల్లలకు లేనిది మాకు ఇంకొకటి ఉండేది. ‘పాతాళదుర్గం’ అన్న సీరియల్ పేరు చూసినప్పుడు నాకు కథ ఒక్కటే గుర్తుకొచ్చేది కాదు, నాన్న కూడా గుర్తొచ్చేవాడు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. నాన్న ఆ లోతుకు దిగి, షిఫ్టు అయ్యాక మళ్లీ పైకొచ్చి, చెమటతో నానిన చొక్కా తీగ మీద ఆరేసేవాడు. పాతాళానికి వెళ్లి తిరిగొచ్చే వీరుడు కథలో ఉన్నాడని ఎవరైనా అంటే, మా ఇంట్లోనూ ఉన్నాడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు కె.జి.ఎఫ్. అంటే అందరూ 2018లో వచ్చిన సినిమా గురించే అడుగుతారు. అడగనీ. మాకు ఈ ఊరు అంతకు ఎంతో ముందే కథల ఊరు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మిగిలినవి సైనైడ్ దిబ్బలు. రాయిని మిల్లులో పిండిలా నూరి, సైనైడ్‌తో బంగారం లాగేసుకున్నాక పారబోసిన పిండి అది. వందేళ్లలో కొండలంత అయింది. ఎండాకాలం గాలి లేచిందంటే ఆ పొడి మందార ఆకుల మీద పౌడరు చల్లినట్టు పడుతుంది. సాయంత్రం ఆకులన్నీ నీళ్లతో కడగడం మా ఊళ్లో తోటపనిలో ఒక భాగం. వేరే ఊళ్లవాళ్లకు ఈ పని ఉండదు.

మొదట నేను చేసిన తప్పు పెద్దది. మాయాసరోవరం అంటే ఏదో దూరదేశపు అందం అనుకుని, బెంగుళూరు నుంచి ఫెర్నులు, ఆర్కిడ్లు, చల్లటి నీడలో బతికే మొక్కలు కారు నిండా తెచ్చాను. మట్టిలో కలపడానికి ట్రాక్టరతను తెచ్చిన సన్న ఇసుక ఎక్కడిదని అడక్కుండా దించుకున్నాను. తీరా అది ఆ దిబ్బల పొడే. నీళ్లు పోసిన మర్నాడు చూస్తే కుండీలో పైన సిమెంటు పూసినట్టు గట్టిపడింది. చిటికెన వేలు కూడా దిగలేదు. నీళ్లు పైనే నిలిచి, కింద వేళ్లకు ఊపిరాడలేదు. పదకొండు కుండీలు పోయాయి. పక్కింటి చెల్లమ్మ గోడ మీంచి చూసి, “ఏమన్నా, రాకాసి వచ్చిపోయినట్టుందే” అంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

కళ్లు తెరిపించింది అంతరగంగె. కోలారు ఊరిని ఆనుకున్న ఆ కొండ మీద రాతి బసవన్న నోటిలోంచి నీళ్లు పడతాయి. ఇంకా పైకెక్కితే ఏనుగులంత బండలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, సందుల్లో గుహలు. బండ పగులులోంచి ఒక మర్రి మొలిచి, వేళ్లతో ఆ రాయిని పట్టుకుని ఉంది. అక్కడే కూర్చుండిపోయాను. చిత్రా గారి బొమ్మ అదే. ఆయన ఎక్కడ చూసి గీశారో గానీ, నేను చిన్నప్పటినుంచి పేజీల్లో వెతుక్కున్న అడవి మా జిల్లాలోనే ఉంది. ముళబాగిలు తాలూకా ఆవనిలో కొండను వాల్మీకి ఆశ్రమమని, లవకుశులు పుట్టిన చోటని ఊరివాళ్లు చూపిస్తారు. ఇక్కడి జనం బండల్లో కథను చూడటం ఈనాటిది కాదు.

దాంతో తోట మొత్తం తిరగేశాను. ఫెర్నుల జోలికి పోలేదు. ఎండిన చెరువులోంచి ఒండ్రుమట్టి, ఎర్రమన్ను, పట్టుపురుగులు పెంచే రైతు దగ్గర పురుగుల పెంట. మల్బరీ ఆకు తిన్న పురుగు వేసేది కాబట్టి అది మంచి ఎరువు, కుళ్లబెట్టి వాడితే మొక్క మాడదు. మా జిల్లాలో పట్టుకు కొదవ లేదు, ఎరువుకూ లేదు. బండలను నేలలో మూడోవంతు పాతాను. పైన పెట్టిన రాయి తెచ్చి పెట్టినట్టుంటుంది, పాతిన రాయి పుట్టినప్పటినుంచి అక్కడే ఉన్నట్టుంటుంది. వాటి మీద మజ్జిగ పూసి, తడి ఆరకుండా చూస్తే వానాకాలానికి నాచు పట్టింది.

రాళ్ల మీద నల్లేరు పాకించాను. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకూ మెలిక, చూస్తే పాము రాతిని చుట్టినట్టే. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, పచ్చడికీ పనికొస్తుంది. వెనక గోడకు కాడజెముడు, ముందు తంగేడు. తంగేడు పూసినప్పుడు ఆ మూల బంగారం రంగు. జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం, అందుకే పిల్లలకు అందని చోట పెట్టాను. గురివింద తీగ అందంగానే ఉంటుంది గానీ గింజ విషం, దాన్ని పీకేశాను. కథలో విషం ఉండొచ్చు, తోటలో పిల్లల చేతికందేలా ఉండకూడదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడింది మర్రికి. పాత గోడ పగులులో మొలిచిన మొక్కను వేరు తెగకుండా ఉలితో తీసి, సగం కోసిన పెద్ద పీపాలో నాటాను. మూడో ఏడు వానల్లో కొమ్మకు మీసంలా ఊడలు వచ్చాయి. గాలికి ఆరితే ఊడ కొస మాడిపోతుంది. అందుకని వెదురు బొంగును నిలువునా చీల్చి, లోపల తడిపిన కొబ్బరిపీచు, మట్టి కూరి, ఊడను మధ్యలో పెట్టి తాళ్లతో కట్టాను. రోజూ పొద్దున బొంగు పై నుంచి చెంబెడు నీళ్లు. రెండేళ్లు పట్టింది. మొన్న బొంగు విప్పితే ఊడ పీపాలోని మట్టిని తాకి పట్టుకుంది, నా బొటనవేలంత లావుంది.

మా మనవడు ఆ ఊడను పట్టుకుని, “తాతా, దీని వెనక ఏముంది?” అన్నాడు. వెనక ఒక పారిజాతం, కాంపౌండు గోడా తప్ప ఏమీ లేవు. నేను చెప్పలేదు. వాడే వెళ్లి చూసి, పారిజాతం కింద రాలిన పూలు ఏరుకుని జేబులో వేసుకుని వచ్చాడు.

ఇదే ఊళ్లో ఊరుగాం వైపు ఇంగ్లీషు గని దొరల బంగళాల తోటలు కొన్ని నేను చిన్నప్పుడు చూశాను. ఈ ఊరిని లిటిల్ ఇంగ్లండ్ అనేవారు. ఆ దొరలు బేతమంగళ చెరువు నీళ్లతో తమ దేశపు పచ్చికనూ పూలనూ పెంచుకున్నారు. ఇంటి మీద బెంగ అది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ నీళ్లు, మాలీలు ఉన్నన్నాళ్లే ఆ తోట. నేను ఫెర్నులు తెచ్చినప్పుడు చేసిందీ అదే. నల్లేరుకు, తంగేడుకు నేను లేకపోయినా పర్వాలేదు.

మీ ఇంట్లోనూ ట్రంకుపెట్టె అడుగున పాత చందమామలు ఉండే ఉంటాయి. తీయండి. చిత్రా బొమ్మ ఒక్కటి ఎంచుకోండి. అందులో రాయి ఎక్కడుంది, చెట్టు ఎటు వంగింది, దారి ఎక్కడ మాయమైంది చూడండి. అంత స్థలం లేకపోతే ఒక్క తొట్టి చాలు, ఒక రాయి, ఒక నల్లేరు ముక్క. మాకు వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో బాగా పడతాయి, నాటడానికి అదే అదను. నల్లేరు ముక్కలు కావాలంటే మా వీధిలో ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. వచ్చేటప్పుడు పిల్లలను తీసుకురండి.