చుట్టింటి నుంచి రేకుల షెడ్డు దాకా

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు గాలిని లెక్కలో పెట్టుకుని పుట్టిన ఇల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గోపురంలా లేచిన తాటాకు కప్పు, వంగితే తప్ప లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. మూలలు లేని గోడ మీద గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా చుట్టూ జారిపోతుంది. చూరు దిగి ఉండటం వల్ల జల్లు మట్టిగోడను తాకదు, కప్పు కిందికి గాలి దూరే సందూ తగ్గుతుంది. అలాగని దాన్ని మరీ ఆకాశానికి ఎత్తనక్కరలేదు. తాటాకును కొన్నేళ్లకోసారి మార్చాలి, నిప్పంటుకుంటే పేటంతా బూడిదే. పైగా నేటి నలుచదరపు స్థలంలో గుండ్రటి ఇల్లు ఇమడదు. అందులోంచి తీసుకోవలసింది ఆకారం వెనుక ఉన్న ఆలోచన.

గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కట్టడాల మీద గాలి భారానికి మన దేశంలో అనుసరించే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద పడేది దాదాపు 150 కిలోల బరువంత ఒత్తిడి. మామూలు ఇనుప రేకు అదే చదరపు మీటరుకు ఐదారు కిలోలు కూడా తూగదు. వాలు తక్కువున్న కప్పును గాలి నొక్కదు, పైకి పీలుస్తుంది. అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు గాలి ఇంచుమించు ఈ వేగాన్నే అందుకుంది. విమానాశ్రయం పైకప్పే చెదిరిపోయింది. తుపాను కన్ను దాటేటప్పుడు గాలి కాసేపు సద్దుమణిగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. కాబట్టి సముద్రం వైపు గోడ ఒక్కటీ గట్టిగా కడితే చాలదు.

గాజువాక ఆటోనగర్ లాంటి చోట రేకుల షెడ్లకు అసలు గండం షట్టరు దగ్గర మొదలవుతుంది. గాలికి ఎదురుగా ఉన్న షట్టరు వంగి ఊడిందా, లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి తోస్తుంది. పైన పీల్చే బలం దానికి తోడవుతుంది. అప్పుడు రేకును పట్టుకుని ఉండేది బోల్టు ఒక్కటే. ఉప్పుగాలికి ఆ బోల్టే ముందు తుప్పు పడుతుంది. వాషరు చుట్టూ రేకు చిల్లు పెద్దదై, బోల్టు మిగిలి రేకు ఎగిరిపోవడమూ ఉంటుంది. రేకు తన కింది అడ్డకమ్మీ అయిన పర్లిన్‌కు, పర్లిన్ కప్పును మోసే చట్రమైన ట్రస్సుకు, ట్రస్సు స్తంభానికి, స్తంభం పునాదికి బిగిసి ఉండాలి. ఈ గొలుసులో ఏ కొలికి వదులైనా మిగతా ఖర్చంతా వృథా.

ఇంటికైనా ఇదే వరస. రేకో పెంకో వేసేటప్పుడు రెండు వాలుల కన్నా నాలుగు వైపులా వాలిన కప్పు మేలు. 22 నుంచి 30 డిగ్రీల వాలు ఉంటే పీల్చే బలం తగ్గుతుంది. వసారాకు వేరే కప్పు వేస్తే, అది ఎగిరినా ఇంటి కప్పును వెంట లాక్కుపోదు. గోడల పైన చుట్టూ ఆర్‌సీసీ బ్యాండు వేసి, కప్పును దానికి ఇనుపపట్టీలతో కట్టాలి. ఇంటి మొత్తం ఖర్చులో ఈ పట్టీలకూ బోల్టులకూ అయ్యేది స్వల్పం. కాంట్రాక్టరుతో టైల్స్ రంగు మాట్లాడే ముందు, కప్పు దేనికి బిగిస్తున్నారో అడిగి ఎస్టిమేటులో రాయించుకోండి.