ఫైలు ఎక్కడికి వెళ్ళింది? డిఫాల్ట్ ఫోల్డర్లపై ఒక విమర్శ

ఒమాన్ రాజధాని మస్కట్‌కు పడమరగా, సీబ్ విలాయత్‌లో ఉన్న అల్ ఖౌద్‌ను విశ్వవిద్యాలయపు ఊరు అనవచ్చు. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం, 1990లో దాని ఆసుపత్రి అక్కడ మొదలయ్యాయి. అలాంటి ఊళ్ళో కంప్యూటర్ తెర మీద విండోస్ అరబ్బీలో పలకరించడం వింతేమీ కాదు. తెలుగు మాధ్యమంలో బడి చదువు, ఇంగ్లీషులో వృత్తి విద్య పూర్తిచేసిన ఒక ఉద్యోగి ఆ కంప్యూటర్ మీద నివేదిక ఒకటి రాసి, సేవ్ చేయబోయాడనుకుందాం. ఎదురుగా వచ్చే పెట్టె అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. ఫోల్డర్ల పట్టీ కుడిపక్కకు వెళుతుంది, బొత్తాల వరస తారుమారవుతుంది. అరబ్బీ చదివేవారికి అదే సహజం కనుక అందులో తప్పు పట్టవలసింది లేదు. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

అలవాటు కానిది వేరే ఉంది. ఆ పెట్టెలో ‘అల్ ముస్తనదాత్’ అని కనిపించే ఫోల్డరుకు డిస్కు మీద ఉన్న పేరు ‘డాక్యుమెంట్స్’. విండోస్ విస్తా నాటినుంచీ ఏర్పాటు ఇదే: అసలు పేరు ఇంగ్లీషులో ఉంటుంది, లోపల దాచిన ఒక చిన్న ఫైలు దానికి స్థానిక భాషలో ముసుగు వేస్తుంది. సొంతంగా తయారుచేసుకున్న ఫోల్డర్లకు మాత్రం పెట్టిన పేరే అసలు పేరు. ఇక ఒక అరబ్బీ పేరున్న ఫోల్డరు లోపల మరో అరబ్బీ పేరున్న ఫోల్డరు ఉండి, ఆ దారిని నకలు తీసి ఈమెయిల్లో అతికిస్తే, చాలాచోట్ల ఆ రెండు పేర్లూ స్థానాలు మార్చుకుని కనిపిస్తాయి. మధ్యనున్న గీతకు తనదంటూ దిశ లేదు. ఇరువైపులా అరబ్బీ ఉంటే అదీ కుడినుంచి ఎడమకు నడుస్తుంది. ‘రోగులు’ లోపలి ‘నివేదికలు’ కాస్తా ‘నివేదికలు’ లోపలి ‘రోగులు’గా చదువుకోవలసి వస్తుంది. తప్పు లిపిది కాదు. ఫోల్డర్ల దారి వాక్యం కాదనీ, ఒకదాని లోపల ఒకటిగా ఉండే అరల వరస అనీ గుర్తించని సాఫ్ట్‌వేర్‌ది.

లినక్స్ ఇందుకు విరుద్ధమైన దారి పట్టింది. అక్కడ ఫోల్డరు అసలు పేరే వాడుకరి భాషలో పుడుతుంది. నిజాయితీ గల పద్ధతే. కానీ ఆ తరువాత భాష మారిస్తే, పేర్లు కూడా మార్చమంటారా అని యంత్రం అడుగుతుంది. మార్చమంటే, పాత పేరును నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు దారి తప్పుతాయి. పైగా తెలుగు పేర్లకు అక్కడ మరో చిక్కుంది. లినక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్ వ్యవస్థలో పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదానికీ మూడు కావాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. అటువంటి అక్షరాలు పద్నాలుగు రాసేసరికి జాగా అయిపోతుంది. విండోస్ డిస్కు మీద సుఖంగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు లినక్స్ సర్వర్‌కు చేరగానే తిరస్కారానికి గురయ్యేది ఇందువల్లనే. తెలుగు వ్యాసానికి కూడా ఇంగ్లీషులో పేరు పెట్టే అలవాటును కేవలం భాషాభిమానం కొరవడటంగా చూడటం పొరపాటు.

ఈ ఫోల్డరు అనే ఊహ ఆఫీసు బల్ల నుంచి వచ్చింది. 1981లో జిరాక్స్ స్టార్, 1984లో మాకింటాష్ కాగితాన్నీ అట్టనూ తెర మీదికి తెచ్చాయి. మొదటి మాకింటాష్‌లో ఒక విడ్డూరం ఉండేది: తెర మీద ఫోల్డర్లు కనిపించేవే గాని, ఫైలు తెరిచే పెట్టెలో అన్ని ఫైళ్ళూ ఒకే జాబితాగా వచ్చేవి. ఫోల్డరు కంటికి మాత్రమే ఉండేది, డిస్కుకు తెలియదు. చూపించేదానికీ ఉన్నదానికీ మధ్య తేడా ఆ రోజు నుంచీ ఉందన్నమాట. 1992లో విండోస్ 3.1 అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడిగా ఒకే పెట్టెను అందించింది. అది మేలే. అంతకుముందు ఒక్కో ప్రోగ్రాము తనకు తోచినట్టు అడిగేది. ఆ తరువాత వచ్చినదే ‘మై డాక్యుమెంట్స్’. ఎక్కడ పెట్టాలో తెలియనివారికి ఒక చోటు చూపడం దాని ఉద్దేశం.

ఆ చోటు ఎంతకాలమో వాడుకరి సొంతంగా మిగలలేదు. విస్తా వచ్చేసరికి పేరులోని ‘మై’ పోయింది. కాకతాళీయమే గాని సముచితంగా ఉంది. ఆటలు తమ గుర్తులు అందులోనే దాచుకుంటాయి, ఆఫీస్ తన నమూనాల ఫోల్డరును అడగకుండానే అందులో తెచ్చి పెడుతుంది. సేవ్ పెట్టె ఒక ప్రోగ్రాములో కిందటిసారి వాడిన ఫోల్డరును గుర్తుంచుకుంటే, మరోదానిలో ప్రతిసారీ మొదటికి వస్తుంది. ‘ఎక్కడ?’ అనే ప్రశ్నకు ఒక్కో ప్రోగ్రాము ఒక్కో జవాబు ముందే రాసి ఉంచి, వాడుకరి చేత వేలిముద్ర వేయించుకుంటోంది.

ఇది చిరాకుతో పోయే సంగతి కాదని 2018 అక్టోబరులో తేలింది. సి డ్రైవ్ నిండిపోతుందని డాక్యుమెంట్స్ చోటును డి డ్రైవ్‌కు మార్చుకునేవారు చాలామంది ఉంటారు. మార్చినా, పాత ఫైళ్ళు కొన్ని పాత చోటే ఉండిపోవచ్చు. ఇలా మార్చుకున్నవారికి ఖాళీ ఫోల్డర్లు జంటగా కనిపిస్తున్నాయన్న ఫిర్యాదును తీర్చబోయి, ఆ నెల 2న విడుదలైన విండోస్ 10 నవీకరణ పాత ఫోల్డర్లను తుడిచేసింది. కొందరి విషయంలో అవి ఖాళీగా లేవు. నాలుగు రోజుల్లో మైక్రోసాఫ్ట్ పంపిణీ ఆపింది. నవంబరు 13న సరిచేసి మళ్ళీ విడుదల చేసింది. నష్టపోయామన్నవారు పదివేల మందిలో ఒకరని లెక్క చెప్పింది. ఆ ఒక్కరి పదేళ్ళ ఫోటోలకు ఆ నిష్పత్తితో పని లేదు. పరీక్షల దశలోనే కొందరు ఈ సంగతి రాసినా, ఫిర్యాదుల రాశిలో అది పైకి రాలేదు. ఎంత తీవ్రమైనదో తెలిపే వీలును ఫిర్యాదు పత్రంలో చేర్చింది ఆ తరువాతే.

ఇప్పుడు ప్రశ్న ఏ డ్రైవ్ అన్నది కాదు, ఏ దేశం అన్నది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆరంభిస్తే డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్ మూడూ అదే పేర్లతో, అదే బొమ్మలతో వన్‌డ్రైవ్ కిందికి మారతాయి. ఉచితంగా దొరికేది 5 జీబీ. వర్డ్‌లో కొత్త పత్రాలు వాటంతట అవే క్లౌడ్‌లో చేరే ఏర్పాటును 2025లో మైక్రోసాఫ్ట్ ముందుగా పరీక్షకుల చేతికి ఇచ్చింది. సదస్సు కోసం రోగుల చిత్రాలు పోగుచేసుకుంటున్న ఒక వైద్యుడు వాటిని సొంత లాప్‌టాప్‌లో ‘డాక్యుమెంట్స్’లో పెట్టుకుంటే, అవి యంత్రం దాటవనే అనుకుంటాడు. ఒమాన్‌లో రాజాజ్ఞ 6/2022 ద్వారా వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేకంగా అనుమతి అవసరమైన వాటిలో చేర్చింది. సమాచారం దేశం దాటడానికి షరతులు పెట్టింది. సేవ్ పెట్టె ఎంచి పెట్టిన చోటుకు ఆ చట్టం సంగతి తెలియదు. జవాబు చెప్పుకోవలసింది మాత్రం ఆ వైద్యుడే.

తెలుగునాట ఊరి లెక్కలన్నీ కరణం కవిలెలో ఉండేవి, ఆ కవిలె కరణం ఇంట్లో ఉండేది. కర్నల్ మెకంజీ కైఫీయతులు సేకరింపజేసినప్పుడు ఆయన మనుషులు ఆ ఇళ్ళకూ వెళ్ళారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవిని రద్దు చేసేదాకా, లెక్క ఎవరి గుప్పిట్లో ఉంటే ఊరు వారి గుప్పిట్లో ఉన్నట్టే. ఆ వ్యవస్థను మెచ్చుకోనక్కరలేదు గాని, ఒక్క తేడా గమనించాలి: కరణం ఇల్లు ఎక్కడో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇందులో ఎక్కువ మెరుగని చెప్పడానికి లేదు. ఫైలు ఎంచుకునే పెట్టెలో బొమ్మల నమూనాలు వరసగా చూపమని గ్నోమ్‌వారిని 2004లో అడిగితే, అది వాడుకరుల చేతికి వచ్చింది 2023లో. అయినా అక్కడి ఆలస్యానికి కారణం చేసేవారు లేకపోవడం. క్లౌడ్ సంస్థలకు చేసేవారి కొరత లేదు. ఫైలు పేరు కింద అసలు దారి పూర్తిగా, ముసుగు లేకుండా, ‘ఈ కంప్యూటర్లో’ లేదా ‘బయట’ అనే ఒక్క మాటతో చూపడానికి పెద్ద పరిశోధనేమీ అక్కరలేదు. ఆఫీస్ కొత్త సేవ్ పెట్టె అలా చేయకపోగా, మొదట పేరు, ఒక చోటు మాత్రం చూపి, తక్కినదంతా ‘మరిన్ని’ వెనక్కి నెట్టింది. ఎఫ్12 మీట నొక్కితే పాత పెట్టె, అన్ని ఫోల్డర్లతో, నేరుగా తెరుచుకుంటుంది. ఆ సంగతి కొత్త పెట్టెలో ఎక్కడా రాసి లేదు.