సంగీత విద్యాలయ పురాభిలేఖాలు – జాతివివక్ష: ఒక పరిశీలన

సంగీత విద్యాలయాల చరిత్రకు ప్రధానాధారాలు ఆ సంస్థలు భద్రపరచుకున్న ప్రవేశ పట్టికలు, కచేరీ కరపత్రాలు, స్నాతకోత్సవ జాబితాలు. ఇవన్నీ లోపలికి వచ్చినవారిని గురించే మాట్లాడతాయి. గుమ్మం దగ్గరే ఆగిపోయినవారి ఆనవాలు వీటిలో అరుదు. అమెరికాలో, బాల్టిమోర్ నగరంలోని పీబాడీ సంగీత విద్యాలయం ఇందుకు తగిన ఉదాహరణ.

జార్జ్ పీబాడీ 1857లో స్థాపించిన సంస్థలో సంగీతబోధన 1868లో మొదలైంది. నల్లజాతి విద్యార్థికి అక్కడ ప్రవేశం లభించింది 1949లో. ఆ విద్యార్థి పాల్ బ్రెంట్ 1953లో పట్టభద్రుడయ్యాడు. ‘తొలి నల్లజాతి పట్టభద్రుడు’ వంటి విశేషణాలంటే సంస్థాచరిత్రకారులకు మక్కువ ఎక్కువ. వాటిని సంస్థ ఔదార్యానికి నిదర్శనాలుగా చదవడం పరిపాటి. ఇక్కడ ఆ విశేషణం చెబుతున్నది 81 ఏళ్లు మూసి ఉన్న తలుపును గురించి.

1912లో అదే నగరంలో పుట్టిన గాయని ఆన్ బ్రౌన్‌ను పీబాడీ జాతి కారణంగా చేర్చుకోలేదు. ఆమె న్యూయార్క్ వెళ్లి జూలియార్డ్‌లో చదివింది. 1935లో గెర్ష్విన్ సంగీతరూపకం ‘పోర్గీ అండ్ బెస్’లో బెస్ పాత్రను తొలిసారి పోషించింది ఆమే. మరుసటి ఏడు వాషింగ్టన్ నేషనల్ థియేటర్‌లో ప్రేక్షకులను జాతిని బట్టి వేరుచేస్తే పాడనని తోటి నటులతో కలిసి పట్టుబట్టింది. ఆ ప్రదర్శనల వరకు వేర్పాటు తొలగింది. 1998లో పీబాడీ ఆమెకు తన పతకాన్ని ప్రదానం చేసింది. పతకం సంస్థ చరిత్రలో సులువుగా చోటు సంపాదించుకుంటుంది. నిరాకరణను మాత్రం ఆమె జీవితకథ నుంచి తెచ్చి అక్కడ చేర్చవలసి వస్తోంది.

ఇదంతా కాలధర్మమనే సమర్థన నిలవదు. ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాల 1835లోనే నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం కల్పించింది. మేరీలాండ్ ఒకప్పటి బానిస రాష్ట్రం, ఒహాయో కాదు. ఈ భేదాన్ని లెక్కలోకి తీసుకోవలసిందే. అయితే పీబాడీలో పాఠాలు మొదలయ్యేనాటికే మేరీలాండ్‌లో బానిసత్వం రద్దయింది.

ఓబర్లిన్ సంగీత విద్యాలయంలో 1889లో పియానో విద్య పూర్తిచేసిన హారియెట్ గిబ్స్ మార్షల్, 1903లో వాషింగ్టన్‌లో నల్లజాతివారి కోసం సంగీత విద్యాలయం స్థాపించింది. బాల్టిమోర్‌కు అది సుమారు 60 కిలోమీటర్ల దూరం. ఆ విద్యాలయ పత్రాలు నేడు హోవర్డ్ విశ్వవిద్యాలయంలోని మూర్‌లాండ్-స్పింగార్న్ పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. పీబాడీ చరిత్ర రాయబోయే పరిశోధకుడు పీబాడీ గ్రంథాలయంతోనే ఆగక, ఆ పెట్టెలను కూడా తెరవాలి.